స్కానరు కంటే ముందు కుంచె

నాగర్‌కర్నూల్ జిల్లా తిమ్మాజిపేట లాంటి ఏ మండల కేంద్రంలోనైనా తహసీల్దారు కార్యాలయం దగ్గర్లో ఒకటి రెండు జిరాక్స్ దుకాణాలుంటాయి. నకళ్లతో పాటు అక్కడ లామినేషన్ కూడా చేస్తారు. తాతల నాడు తెల్లకాయితం మీద రాసుకున్న సాదా బైనామా, రిజిస్ట్రీ దస్తావేజు, పాత పట్టా సర్టిఫికెట్ ఏదైనా సరే, మడతల దగ్గర చిరుగుతోందని అనిపించగానే రైతు దానికి ప్లాస్టిక్ తొడుగు వేయిస్తాడు. కొద్ది రూపాయలతో పని అయిపోతుంది, కాయితం గట్టిపడిందన్న ధీమా వస్తుంది. అయితే ఆ తర్వాత దాన్ని బాగుచేయడం దాదాపు అసాధ్యం. వేడికి కరిగిన జిగురు కాయితం పీచులోకి దిగిపోతుంది. కాయితాన్ని లోలోపల తింటున్న ఆమ్లం, తేమ బయటికి పోయే దారి లేక అక్కడే ఉండిపోతాయి. రేపు కోర్టులో సంతకం మీదో వేలిముద్ర మీదో తగాదా వచ్చి దస్తావేజును నిపుణుడి దగ్గరికి పంపితే, సిరా పైపొరను పరీక్షించబోయిన ఆయన చేతికి ప్లాస్టిక్ తగులుతుంది.

ముప్ఫై ఏళ్లు దాటిన దస్తావేజు ఉండాల్సిన చోటు నుంచే వచ్చిందని తేలితే, దాని మీది సంతకం, చేవ్రాత అసలైనవేనని కోర్టు అనుకోవచ్చు. పాత సాక్ష్యాధారాల చట్టం 90వ సెక్షన్ చెప్పిన ఈ మాటను 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం కూడా నిలబెట్టింది. పాత కాయితానికి చట్టం ఇచ్చే విలువ అంతటిది. ఆ విలువ మూలప్రతికి ఉంటుంది. ఫోన్లో తీసిన ఫొటోకు అది రాదు.

అలాగని రైతును వెక్కిరించడానికి ఎవరికీ నోరు లేదు. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం కూడా ఒకప్పుడు సెల్యులోజ్ అసిటేట్ పొరను ఎసిటోన్‌తో కాయితం మీద అతికించే పద్ధతిని తయారుచేసి, మేలైన మార్గమని దేశమంతటికీ నేర్పింది. వేడి యంత్రం, కరెంటు అక్కర్లేదు, చేత్తోనే చేయొచ్చు. ఆ రోజులకు అది తెలివైన ఉపాయమే. దశాబ్దాలు గడిచాక ఆ పొరే కుళ్లి వెనిగర్ వాసనతో ఆమ్లాన్ని వదులుతుందని బయటపడింది. పాత పత్రాల సంరక్షణలో ఇప్పుడు అందరూ ఒప్పుకునే మొదటి నియమం విలువ ఇలాంటి అనుభవాల్లోనే తెలిసింది: నువ్వు చేసిన మరమ్మతును నీ తర్వాతివాడు విప్పగలగాలి. గోధుమ పిండి గంజి, జపాన్ పద్ధతి పలుచని టిష్యూ కాయితం ఈనాటికీ వాడుకలో ఉన్నది అందుకే. నీటి తడి తగిలిస్తే రెండూ ఊడివస్తాయి.

ఇప్పుడు అన్ని ప్రభుత్వ శాఖల్లోనూ డిజిటలీకరణ మాటే వినిపిస్తోంది. ఈ వ్యాసం దానికి అడ్డుచెప్పదు. కాకపోతే మన టెండర్లలో, జీవోల్లో, పత్రికా ప్రకటనల్లో స్కానింగుకు ముందు జరగాల్సిన పని పెద్దగా కనిపించడం లేదు. కట్ట విప్పడం, దుమ్ము దులపడం, అతుక్కున్న పుటలను విడదీయడం, మడతలు సాపు చేయడం, చిరుగులకు అతుకు వేయడం, వరస తప్పిన పుటలకు పెన్సిలుతో అంకెలు వేయడం వంటి పనులకు బడ్జెట్టులో విడి పద్దు అరుదు. పుటకింత అని కూలి కట్టి కాంట్రాక్టు ఇస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. గట్టి కాయితాలు చకచకా అయిపోతాయి. పెళుసు కాయితాలు మూలకు చేరతాయి, లేదా తొందరలో ముక్కలవుతాయి. ఎక్కువ ఆపదలో ఉన్నవి ముందు కావాల్సింది, చివరికి వస్తాయి.

హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర అభిలేఖాగారంలో 4.3 కోట్ల దాకా పత్రాలున్నాయని అంచనా. వాటిలో నూటికి ఎనభై ఫారసీ, ఉర్దూ భాషల్లోవే. బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా కాలానికి చెందిన 1406 నాటి పత్రం అన్నిటికంటే పాతదని చెబుతారు. షాజహాన్, ఔరంగజేబుల దక్కన్ పాలనకు చెందినవే లక్షన్నరకు పైన ఉన్నాయి. 1894లో నిజాం ప్రభుత్వ దఫ్తరుగా మొదలైన సంస్థ ఇది. ఇక్కడి పత్రాల మరమ్మతు, డిజిటలీకరణ, పట్టికల తయారీ కోసం 2022లో ఢిల్లీలోని నూర్ అంతర్జాతీయ మైక్రోఫిల్మ్ కేంద్రంతో ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందం మరమ్మతును కూడా పనిలో భాగంగా గుర్తించింది. అది సరైన పద్ధతి. కానీ లెక్క వేస్తే గుండె ఆగుతుంది. రోజుకు పదివేల చొప్పున ఏడాదికి మూడొందల రోజులు ఆపకుండా చేసినా 4.3 కోట్ల పత్రాలకు పద్నాలుగేళ్లు దాటుతుంది. పాడైన కాయితాన్ని పూర్తిగా బాగుచేయాలంటే చెయ్యి తిరిగిన మనిషి రోజంతా కూర్చున్నా అయ్యేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అన్నిటినీ పూర్తిగా బాగుచేశాకే స్కాన్ చేస్తామంటే మనవల కాలానికి కూడా తెమలదు.

నేర్పు చూపాల్సింది ఇక్కడే. డిజిటలీకరణ కోసం చేసే సంరక్షణ పూర్తి వైద్యం కాదు. కాయితం ఒక్కసారి క్షేమంగా విప్పుకుని, కెమెరా కింద చదునుగా పడుకుని, మళ్లీ కట్టలోకి చేరడానికి చాలినంత చేస్తే సరిపోతుంది. గట్టి కాయితానికి మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. అంచులు చిరిగినదానికి అక్షరాలు పోయే ప్రమాదమున్న చోట మాత్రమే టిష్యూ అతుకు పడుతుంది. తడిసి అట్టకట్టుకుపోయినవి, ముట్టుకుంటే పొడి రాలేవి పక్కన పెట్టి చేయి తిరిగినవారికి అప్పగించాలి. ఈ మూడు కుప్పలుగా విడగొట్టే పని స్కానింగు కంపెనీది కాకూడదు. వేగంతో లాభం వచ్చేవాడి చేతికి వేగం తగ్గించే నిర్ణయం ఇవ్వడంలో అర్థం లేదు.

కాయితం వయసు చూసి బలం అంచనా వేస్తే పొరపాటు పడతాం. 1654 నాటి కాయితం కంటే 1954 నాటి కాయితమే తరచుగా ముందు రాలిపోతుంది. పాత చేతి కాయితాన్ని గుడ్డ పీలికలు, నార నుంచి చేసేవారు, గంజి పెట్టి రాయితో మెరుగు దిద్దేవారు. దౌలతాబాద్ దగ్గరి కాగజీపురా నుంచి కోరుట్ల దాకా నిజాం రాజ్యంలో ఈ పని తెలిసిన ఊళ్లుండేవి. నల్ల మసి సిరాకు కాయితాన్ని తినే గుణం లేదు. తర్వాత వచ్చిన మిల్లు కాయితంలో కలప, వెదురు గుజ్జుతో పాటు పటిక కూడా చేరింది. అందులోని ఆమ్లం ఏళ్లు గడిచేకొద్దీ పీచును తెంపుతుంది. దానికి పాలమూరు (మహబూబ్‌నగర్) ఎండలు, రేకుల కప్పు, ఆపైన వానాకాలపు చెమ్మ తోడైతే మిగిలేది పసుపు పచ్చని పొడి. చెదలు, ఎలుకల సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి తార్నాకలోని మొగలుల ఫర్మానాల కంటే ముందు ఆదుకోవాల్సినవి మండల కార్యాలయాల రికార్డు గదుల్లో ఉన్నాయి. 1954-55 ఖాస్రా పహాణీ అలాంటిదే.

భూమి తగాదా నడుస్తున్న ఏ ఊళ్లోనైనా ఈ పేరు తెలియనివారుండరు. 1358 ఫసలీ నాటి హైదరాబాద్ భూ హక్కుల రికార్డు నిబంధన కింద తయారైన ఈ పుస్తకంలో సర్వే నంబరు వారీగా పట్టాదారెవరు, కబ్జాలో ఎవరున్నారు, రక్షిత కౌలుదారు ఎవరు అన్నవి రాసి ఉంటాయి. దానికి వెనుక సర్వే కాలపు రికార్డులైన సేత్వార్, వసూల్ బాకీ, టిప్పన్లు, ఊరి నక్షా ఉంటాయి. తర్వాత చెసాలా పహాణీ, ఫైసల్ పట్టీ, ఏటేటా పహాణీలు వస్తాయి. ఈ గొలుసులో ఒక్క కడియం తెగినా తగాదా మొదలవుతుంది. పైగా పాలమూరు నేలంతా ఒకే పాలనలో ఉన్నది కాదు. కొంత నిజాం ప్రభుత్వం నేరుగా ఏలిన దివానీ, కొంత జాగీర్లు, ఇక కృష్ణా, తుంగభద్రల వైపు గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా ఎవరి దఫ్తరు వారిది, ఎవరి లెక్కలు వారివి. అమెరికా చరిత్రకారుడు బెంజమిన్ కోహెన్ ఈ మూడు సంస్థానాల మీద పుస్తకమే రాశాడు. వాటి కాయితాల్లో అంత సరుకుంది. కానీ అవి ఒక్కచోట లేవు.

ఊరి రికార్డులు చేతులు మారిన తీరు ఇంకో కథ. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారీ పదవులను రద్దు చేసింది. తరతరాలుగా ఇంట్లో, ట్రంకు పెట్టెల్లో, అటక మీద దాచుకున్న పుస్తకాలను ప్రభుత్వానికి అప్పగించమంది. కొందరు అన్నీ ఇచ్చారు, కొందరు కొన్నే ఇచ్చారు, కొన్ని ఇళ్లలో బస్తాలు అలాగే ఉండిపోయాయి. పట్వారీ పెత్తనం పోవడం మంచిదే, దాన్ని ఇప్పుడు ఎవరూ ప్రశ్నించరు. అయితే అప్పగింతలో ఏ పుస్తకం వచ్చింది, ఏది రాలేదు అన్న జాబితాను ఇంకాస్త శ్రద్ధగా రాసి ఉంటే ఎన్నో కేసులు పుట్టేవే కావు. 1985లో మండలాలు వచ్చాయి, పాత తాలూకా కార్యాలయాల కట్టలు పంపకాలయ్యాయి. 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లా ముక్కలైంది. తిమ్మాజిపేట నాగర్‌కర్నూల్‌కు చేరింది, వనపర్తి, గద్వాల వేరు జిల్లాలయ్యాయి. ఆ తర్వాత ఏడేళ్లలోపే జిల్లా కార్యాలయాల మకాం కొత్త సమీకృత కలెక్టరేట్ భవనాల్లోకి మారింది. ఆఫీసు మారినప్పుడల్లా కుర్చీలతో పాటు కట్టలూ కదులుతాయి. సంరక్షకులు చెదల కంటే ఎక్కువగా భయపడేది ఈ కదలికలకే. దించిన కట్టను ఎక్కించిన కట్టతో సరిచూసేవారు లేకపోతే పోయిన సంగతి ఇరవై ఏళ్ల తర్వాత నకలు అడిగినవాడికే తెలుస్తుంది.

మనం భూ రికార్డుల డిజిటలీకరణ అని పిలుచుకున్నది చాలావరకు వివరాలను కంప్యూటర్లోకి టైపు చేయడమే. 2017 సెప్టెంబరులో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది, 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఈ పోర్టళ్ల మంచిచెడ్డల మీద రాజకీయ పక్షాలు ఇప్పటికే కావలసినంత పోట్లాడుకున్నాయి. సంరక్షణ కోణంలో చూస్తే విషయం తేలిక. తెర మీద కనిపించే పేరు, విస్తీర్ణం ఎవరో ఒకరు పుస్తకం చూసి కొట్టినవి. కొట్టడంలో తప్పు దొర్లితే దిద్దుకోవడానికి ఆ పుట బొమ్మ పక్కనే ఉండాలి. బొమ్మ మీద అనుమానం వస్తే మూలప్రతి గదిలో ఉండాలి. ఈ మూడింట్లో ఒకటి ఉంటే చాలనుకున్న చోటల్లా రైతు కలెక్టరేట్ మెట్లెక్కాల్సి వచ్చింది.

బొమ్మ తీయడంలో కూడా పంతం పట్టాల్సిన చోట్లున్నాయి. పహాణీలో తర్వాత జరిగిన మార్పులను, అధికారి దిద్దుబాట్లను ఎర్ర సిరాతో రాసే అలవాటుంది. ఖర్చు తగ్గుతుందని, ఫైలు చిన్నదవుతుందని నలుపు తెలుపులో స్కాన్ చేస్తే ఎర్ర సిరా, నల్ల సిరా ఒకటైపోతాయి. ఏది మొదటి రాత, ఏది తర్వాతి దిద్దుబాటు అన్న తేడా మాయమవుతుంది. కోర్టులో చాలా తగాదాలకు ప్రాణం ఆ తేడాలోనే ఉంది. రంగు బొమ్మ తప్ప మరొకటి ఒప్పుకోకూడదు.

ఊరి నక్షాల విషయంలో ఇంకా పదునైన ప్రమాదముంది. గుడ్డ అంటించిన నక్షాను ఏళ్ల తరబడి ఎనిమిది, పదహారు మడతలు పెట్టి దాస్తారు. మడత దగ్గర కాయితం ముడుచుకుని గట్టిపడుతుంది. మైలుకు ఎనిమిది అంగుళాల కొలతలో గీసిన నక్షా అనుకుంటే, దాని మీద ఒక మిల్లీమీటరు నేల మీద దాదాపు ఎనిమిది మీటర్లు. తేమ పట్టించి, బరువు పెట్టి సాపు చేయకుండా అలాగే స్కానరు కింద పెడితే మడత రెండు మిల్లీమీటర్లు మింగుతుంది. వంద మీటర్ల గట్టు పొడవునా ఆ మేరకు పోతే పదిహేను గుంటల పైచిలుకు కనిపించకుండా పోయినట్టే. ఆ బొమ్మనే కంప్యూటర్లో ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే హద్దు జరిగిందని పక్కరైతు పోలీస్‌స్టేషనుకు వెళ్తాడు. అసలు నక్షాలే లేని గ్రామాలు రాష్ట్రంలో 413 ఉన్నాయని 2025లో ప్రభుత్వమే చెప్పింది. ఉన్నవాటిని కూడా మడతతో పాటు స్కాన్ చేసి లేనివాటిలో కలుపుకోవడం ఎందుకు?

ముందు పని చేయకుండా స్కానింగుకు పరుగెత్తితే ఏమవుతుందో తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పాల్సింది లేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో ఈ శతాబ్దం తొలి దశాబ్దంలో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఆ పనికి పెద్ద కేంద్రం. దాని వల్ల దొరకని పుస్తకాలు దొరికాయి, ఆ మేలు మరువరానిది. కానీ పుటలు దాటిపోయినవి, వంకరగా పడినవి, వేలు అడ్డొచ్చినవి, ఒక పుస్తకానికి మరొకదాని పేరు తగిలించినవి ఎన్నో. ఆ సైటు తర్వాత మూతపడింది. స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరబట్టి ఇప్పుడు చదువుకుంటున్నాం. పుట పోయిన పుస్తకం ఏ గ్రంథాలయంలోనైనా ఇంకా ఉందంటే అదృష్టం, మళ్లీ తీయొచ్చు. ఖాస్రా పహాణీకి రెండో ప్రతి దొరకడం కష్టం.

నీళ్ల సంగతి కూడా ఒకసారి తలచుకోవాలి. 2000 ఆగస్టు వరదల్లో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లు చేరి, అబ్దుస్ సమద్ ఖాన్ జీవితమంతా కూడబెట్టిన అరుదైన ఉర్దూ గ్రంథాలు తడిసిపోయాయి. జర్మనీలో కొలోన్ నగర అభిలేఖాగారం 2009 మార్చి 3న కూలిపోతే, శిథిలాల నుంచి తీసిన కాయితాలను గడ్డకట్టించి, ఆరబెట్టి, ఒక్కొక్కటిగా శుభ్రం చేసే పని ఏళ్ల తరబడి సాగింది. అంత ధనిక దేశానికే అన్నేళ్లు పట్టింది. మన మండల రికార్డు గది నేల మీద కాకుండా జానెడు ఎత్తు ఇనుప ర్యాకు మీద కట్టలు పెట్టడానికి ఏ సాంకేతికతా అక్కర్లేదు.

తిమ్మాజిపేట మండలంలోనే ఆవంచలో పొలాల మధ్య చాళుక్యుల నాటిదని చెప్పే ఏకశిలా గణపతి ఉన్నాడు. వందల ఏళ్లుగా ఎండకు ఎండి వానకు తడుస్తున్నా చెక్కుచెదరలేదు. మనకు చరిత్ర అనగానే శిల, శాసనం గుర్తొస్తాయి. మహబూబ్‌నగర్ జిల్లా శాసనాలకు సంపుటాలు అచ్చయ్యాయి, పండితులు వాటి కోసం ఊరూరా తిరిగారు. రాజు దానమిచ్చిన నేల సంగతి రాయి మీద ఉంటుంది. ఆ నేలను దున్నినవాడి పేరు మాత్రం పట్వారీ పుస్తకంలోనే దొరుకుతుంది. ఆ పుస్తకం కోసం తిరిగినవాళ్లు తక్కువ.

మరి ఏం చేయాలి? రాష్ట్రమంతటికీ ఒక్కటే ప్రయోగశాల ఉంటే కుదరదు, మండలానికొకటి పెట్టలేం. జిల్లాకొక సంరక్షణ గది సాధ్యమే. నాగర్‌కర్నూల్ కలెక్టరేట్‌లో రెండు గదులు, నలుగురైదుగురు శిక్షణ పొందిన యువతీ యువకులు, మెత్తటి కుంచెలు, టిష్యూ, గంజి, చదును చేసే బల్ల, ఒక ఓవర్‌హెడ్ స్కానరు ఉంటే చాలు. రోలర్ల మధ్య కాయితాన్ని లాక్కునే స్కానరును ఆ గదిలోకి రానివ్వకూడదు. శిక్షణకు దూరం వెళ్లక్కర్లేదు. తార్నాక అభిలేఖాగారం ఉంది, సాలార్‌జంగ్ మ్యూజియంలో సంరక్షణ విభాగం ఉంది. కష్టమైన కేసులు మాత్రం అక్కడికి పోతే చాలు.

చదివేవారి కొరత దీనికంటే కష్టమైన సమస్య. ఫారసీ, ఉర్దూ పత్రాల్లో షికస్తా గొలుసుకట్టు రాతను, లెక్కల్లో వాడిన సియాఖ్ అంకెలను చదవగలిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. విడిపోయిన కట్టలో ఏ పుట తర్వాత ఏది రావాలో తెలియాలంటే చదవాలి. చదవకుండా స్కాన్ చేస్తే చిందరవందర కట్ట చిందరవందర ఫైలుగా మారుతుంది, అంతే. పాత ఉర్దూ రెవెన్యూ రాత తెలిసిన విశ్రాంత ఉద్యోగులు పాలమూరులో ఇప్పటికీ ఉంటారు. వారిని వెతికి గౌరవ వేతనంతో కూర్చోబెట్టి, పక్కన ఇద్దరు విద్యార్థులకు నేర్పించాలి. స్కానరును ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, ఈ మనుషుల కోసం మాత్రం ఆగడానికి వీల్లేదు.

ఇళ్లలో మిగిలిన కాయితాల సంగతి వేరు. 2020లో సాదా బైనామాల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిస్తే లక్షల్లో వచ్చాయి. అంటే తెల్లకాయితం మీద రాసుకున్న అమ్మకాలు ఇంకా అన్నేసి ఇళ్లలో ఉన్నాయన్నమాట. పాత పట్వారీ కుటుంబాల అటకల మీది బస్తాల సంగతి కూడా అంతే. వాటిని బెదిరించి లాక్కోవాలని చూస్తే రాత్రికి రాత్రి పొయ్యిలోకి పోతాయి. బ్రిటిష్ లైబ్రరీ నడిపే అంతరించిపోతున్న అభిలేఖాల కార్యక్రమం 2004 నుంచి పాటిస్తున్న పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. మూలప్రతి సొంత దేశం దాటదు, నకలు మాత్రమే పంచుకుంటారు. మన దగ్గర దాన్ని ఇంకో మెట్టు దింపి, మూలప్రతి ఇంటివాళ్లకే వదిలేయొచ్చు. నెలకొక రోజు మండల కేంద్రంలో సంరక్షణ గది వాళ్లు బల్ల వేసుకుని కూర్చుని, తెచ్చినవారి కాయితాన్ని వాళ్ల కళ్లముందే దులిపి, సాపు చేసి, బొమ్మ తీసి, ఆమ్లం లేని కవరులో పెట్టి తిరిగి చేతికివ్వాలి. లామినేషన్ వద్దని చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు. జిరాక్స్ దుకాణదారులను కూడా పిలిచి ఒక పూట కూర్చోబెడితే, ప్లాస్టిక్ యంత్రంలో పెట్టే ముందు కాయితం ఏ ఏటిదో వాళ్లే అడుగుతారు.

ఇక టెండరు. ఇకపై జరిగే భూ సర్వేలకు, రికార్డుల స్కానింగుకు ప్రభుత్వం పిలిచే ప్రతి టెండరులో కొన్ని షరతులు రాయడానికి కొత్త చట్టం అవసరం లేదు. చెల్లింపు పుటల లెక్కన కాకుండా పూర్తయిన పుస్తకాల లెక్కన ఉండాలి. సంరక్షణకు విడి పద్దు ఉండాలి, అది మిగిలిపోతే స్కానింగుకు మళ్లించే వీలుండకూడదు. అప్పగింత, స్వీకరణ జాబితా మీద మండల అధికారి, కాంట్రాక్టరు ఇద్దరూ సంతకం చేయాలి. బొమ్మ సరిగా ఉందో లేదో చూసి ఒప్పుకునే అధికారం కాంట్రాక్టరుతో సంబంధం లేని అభిలేఖాగారానిది కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, స్కాన్ అయిపోయింది కదా అని మూలప్రతిని చెత్త కింద తీసేసే వీలు ఆ టెండరులో ఎక్కడా ఉండకూడదు.